ఫోన్ రాని గుంపు

ఎమ్మెస్సీ నర్సింగ్ రెండో ఏడాదిలో నేను చేసిన పరిశోధన చాలా చిన్నది. కిడ్నీలు పాడైనవాళ్ళు డయాలసిస్ యంత్రం దగ్గర ఉన్నంతసేపు మా కళ్ళముందే ఉంటారు. ఇంటికి వెళ్ళాక ఏం తింటున్నారో, ఎన్ని నీళ్ళు తాగుతున్నారో మాకు తెలియదు. అందుకని డయాలసిస్ లేని మధ్య రోజుల్లో నర్సు ఫోన్ చేసి కాళ్ళ వాపు, ఆయాసం, తిండి సంగతి కనుక్కుంటే మేలు జరుగుతుందా అని చూడాలనుకున్నాను.

మేలు తెలియాలంటే పోలిక కావాలి. అందుకని ఒప్పుకున్న రోగులను చీటీలు తీసి రెండు గుంపులు చేశాం. ఒక గుంపుకి ఫోన్ వస్తుంది. రెండో గుంపుకి రాదు, మామూలు వైద్యం మాత్రం అందరికీ ఒకటే.

భావనపాడు నుంచి వచ్చే ఒకావిడ రెండో గుంపులో పడింది. ఎండుచేపల వ్యాపారం చేసేది. జబ్బు ముదిరాక ఆ పని కోడలికి అప్పగించింది. నేను ఆవిణ్ణి పిన్నీ అనేదాన్ని. చీటీ సంగతి చెప్పగానే నా మొహంలోకి చూసింది.

“ఓలమ్మ, అందరికీ సేస్తావు గానీ నాకు సెయ్యవేటి? నానేటి తప్పు సేసినాను?”

“తప్పేం లేదు పిన్నీ. చీటీలో అలా వచ్చింది.”

“సీటీకి నానెవరో తెలుసా మరి?” అని నవ్వేసింది.

నేను నవ్వలేకపోయాను. ఆ రోజు నుంచి నాకు గుబులు పట్టుకుంది. హాస్టల్ వరండాలో కూర్చుని మొదటి గుంపువాళ్ళకి ఫోన్లు చేస్తుంటే, అవతలివాళ్ళు “ఆయాసంగా ఉన్నాదమ్మా” అన్నప్పుడల్లా, రెండో గుంపులో ఇదే మాట ఎవరు ఎవరికి చెప్పుకుంటున్నారో అనిపించేది. ఎండలు ముదిరాయి. దాహం ఎక్కువైతే వీళ్ళు కొలతకి మించి నీళ్ళు తాగకుండా ఉండలేరు. ఆ భయం వేరే.

ఒక ఉదయం పిన్ని డయాలసిస్‌కి రాలేదు. డయాలసిస్ కేంద్రం వాళ్ళు ఫోన్ చేస్తే స్విచాఫ్ వచ్చింది. బస్సు తప్పి ఉంటుంది, రేపొస్తుందిలే అన్నారు. అలా మానేసేవాళ్ళు అప్పుడప్పుడూ ఉంటారు. ఆ మంచం మీదికి ఇంకొకరు వచ్చారు.

నేను మాత్రం కాలు నిలవక తిరుగుతున్నాను. రెండో గుంపు మనిషి కోసం నేనుగా కదిలితే పరిశోధన నియమం తప్పినట్టవుతుంది. కదలకపోతే? చివరికి నా గైడ్ మేడమ్‌కి ఫోన్ చేశాను. ఆవిడ సగం వినగానే కేకలేశారు.

“ఇంకా నన్ను అడుగుతూ నిలబడ్డావా? మనిషి ముందు, నీ థీసిస్ తర్వాత. బయల్దేరు!”

ఆటో మాట్లాడుకుని వెళ్ళాను. నౌపడ దాటుతుంటే ఉప్పు మళ్ళ మీద ఎండ కళ్ళలో గుచ్చుకుంటోంది. ఆటో ఎంత వేగంగా పోతున్నా నాకు నిలబడిపోయినట్టే ఉంది. ఆవిడ గుమ్మంలో కూర్చుని వలకి అతుకులేస్తూ, “ఏటమ్మా, ఇలగొచ్చినావు?” అంటే బాగుండునని దారంతా కోరుకున్నాను.

ఇంటి లోపల చాప మీద పడుకుని ఉంది. కోడలు విసనకర్రతో విసురుతోంది.

“పొద్దున్నించీ కాళ్ళు లెగట్లేదమ్మా. సెల్లు సార్జింగ్ అయిపోనాది, కరెంటు నేదు. ఎండకి నీరసమనీసి నిన్నటినించీ కొబ్బరినీళ్ళు పడతన్నాను.”

మామూలు మనిషికి చలవ చేసే కొబ్బరినీళ్ళే కిడ్నీలు పనిచెయ్యనివాళ్ళకి విషం. అందులోని పొటాషియం బయటికి పోక గుండెను ఆపేయగలదు. నాడి పట్టుకుని చూశాను. చాలా నెమ్మదిగా కొట్టుకుంటోంది.

కోడలు, నేను చెరోవైపు పట్టి ఆటోలో పడుకోబెట్టాం. దారిలోనే డాక్టరుకి ఫోన్ చేసి చెప్పాను. కోడలు ఏడుస్తూనే ఉంది. “నానే సంపీసినానా అమ్మా? మంచికే పోసినాను.”

“నీకెవరూ చెప్పలేదు కదమ్మా” అన్నాను. అది నిజం. కోడలు ఎప్పుడూ కేంద్రానికి రాలేదు. మేం జాగ్రత్తలన్నీ రోగికే చెప్పేవాళ్ళం, వంట చేసి పెట్టేది ఇంకొకరని తెలిసి కూడా. దారంతా పిన్ని మణికట్టు వదల్లేదు. నాడి ఒక్కోసారి అందకపోతే వేళ్ళు జరిపి మళ్ళీ వెతికేదాన్ని.

డాక్టరు సిద్ధంగా ఉన్నారు. ఇంజెక్షన్లు ఇచ్చి, వెంటనే డయాలసిస్ మీద పెట్టారు. కోడలూ నేనూ బయట బెంచీ మీద కూర్చున్నాం. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఇద్దరం ఒకేసారి లేచేవాళ్ళం. సాయంత్రానికి పిన్ని కళ్ళు తెరిచి కాలు కదిపింది. “ఆకలేస్తన్నాది” అంది. కోడలు నా భుజం మీద తల పెట్టి బావురుమంది.

తర్వాత మేడమ్, నేను కలిసి పరిశోధనలో రోగులకి హాని జరగకుండా చూసే కాలేజీ ఎథిక్స్ కమిటీకి జరిగింది జరిగినట్టు చెప్పాం. ఏ గుంపువాళ్ళైనా సరే, డయాలసిస్‌కి రాకపోతే ఆ పూటే ఆచూకీ తీయాలని, జాగ్రత్తలు ఇంట్లో వండేవాళ్ళకి కూడా చెప్పాలని నియమం మార్చుకున్నాం. అలా మారిస్తే రెండు గుంపుల మధ్య తేడా తగ్గి నా థీసిస్ పలచబడుతుందని కమిటీలో ఒకరన్నారు. పలచబడింది కూడా. మేడమ్ పట్టించుకోలేదు.

చదువైపోయి విజయనగరంలో ఉద్యోగానికి వచ్చేశాను. మధ్య రోజుల ఫోన్లు నాతోనే ఆగిపోయాయి. రానివాళ్ళని వెతికే పని మాత్రం కేంద్రంలో ఒక నర్సుకి అప్పగించారు. ఆ అమ్మాయి సెలవు పెట్టిన రోజు ఎవరు చూస్తారో నాకు తెలియదు. అడగాలనుకుంటూనే ఉన్నాను.