గుమ్మంలో పలకరింపు

మా ఆయన పోయాక, సెలవు ముగించుకుని మళ్లీ బడికి వచ్చాను. రాజాం దగ్గర పల్లెలో ప్రాథమిక పాఠశాల, నాది రెండో తరగతి. పాఠం చెబుతున్నానన్న మాటే గాని, నా గొంతు నాకే పక్కగదిలోంచి వినబడుతున్నట్టుండేది. ఏడుపూ లేదు, ఆకలీ లేదు. ఖాళీ దొరికితే ఫోన్లో టీచర్ల వీడియోలు చూసేదాన్ని. ఐస్‌క్రీం పుల్లలతో కూడికలు, పేపరు ప్లేట్లతో గడియారాలు. అవి చూడ్డానికి మనసు అక్కర్లేదు, వేలుంటే చాలు.

వాటిలో ఒకటి పట్టుకున్నాను. టీచరు గుమ్మంలో నిలబడుతుంది. గోడ మీద బొమ్మలుంటాయి: దండం, డ్యాన్సు, కౌగిలింత. లోపలికొచ్చే పిల్లలు ఏ బొమ్మ తాకితే వాళ్లకి ఆ పలకరింపు. పొద్దున్నే ఎవరు ఎదురు రాకూడదో ఆ వీడియో టీచరమ్మకి ఎవరూ చెప్పి ఉండరు. నాకూ తట్టలేదు. చార్టు మీద స్కెచ్ పెన్నులతో గీసి అంటించేశాను.

పిల్లలకి పండగే. దండం జోలికి ఎవరూ పోరు, అందరూ డ్యాన్సే. నేనూ బట్టలు ఆరేసినట్టు చేతులూపేదాన్ని. ఒక్క పిల్ల మాత్రం రోజూ కౌగిలింతే తాకేది. దాని అమ్మానాన్నలు చెన్నైలో బిల్డింగు పనిలో ఉంటే, మామ్మ దగ్గర పెరుగుతోంది. ఆ మామ్మ పిల్లని దింపి, అటునుంచటే పెరుగు తట్టతో రాజాం వెళ్లేది.

ఒక పొద్దున ఆవిడ గేటు దగ్గర ఆగి నన్ను పిలిచింది.

“ఏటీ అనుకోకు తల్లీ. ఈ మధ్య పెరుగు మిగిలిపోతన్నాది. నేను మలుపు తిరిగేదాకా నువ్వు కాస్త లోపలుండు. మనం సూసుకోవాల గదా.”

ఆవిడకీ బొట్టు లేదు. ‘మనం’ అని ఎంతో ఆపేక్షగా అంది. సరేనన్నాను.

మర్నాడు తట్ట కనబడగానే నా కాళ్లే నన్ను లోపలికి తీసుకుపోయాయి. బీరువా పక్కన నిలబడ్డాను. చార్టు చింపేస్తే గొడవ వదిలిపోతుంది. కానీ పొద్దున్నే నన్ను మంచం మీంచి లేపుతున్నది ఆ ఆట ఒక్కటే. అదీ పోతే ఇక బడికి రాలేనని నాకు తెలుసు.

పిల్ల వచ్చి, బొమ్మ తాకి, నాకోసం అటూ ఇటూ చూసి, వెతుక్కుంటూ బీరువా దగ్గరికొచ్చింది.

“టీచర్, నువ్వూ దాక్కున్నావా? మా నాన్న ఊరెల్లినప్పుడు మా మామ్మా ఇలాగే తలుపెనకాల దాక్కుంటాది” అని నవ్వి, నా నడుము వాటేసుకుంది.

కన్నకొడుకు ప్రయాణమైతే తలుపు వెనకాల! నాకు కోపం వచ్చింది. ఎంతకాలానికో ఏదో ఒకటి వచ్చింది.

పిల్ల చెయ్యి పట్టుకుని గుమ్మంలోకి నడిచాను. గేటు దగ్గర ఆవిడ నన్ను చూసి, నెత్తిన పెట్టుకోబోతున్న తట్ట దించేసింది. శకునం పోవాలని గోడవారన చతికిలబడి కాసిని నీళ్లు తాగింది. మిగతా పిల్లలు ఒక్కొక్కరే వస్తున్నారు. ఆవిడ లేచి, తట్ట ఎత్తుకుని, మళ్లీ ఇటు చూసింది.

నేను గుమ్మంలోనే ఉన్నాను.