పోయిందా అని అడగలేదు

కోర్టు హాల్లో ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నా బోనులో నిలబడ్డ బేబీకి చెమటలు పట్టేశాయి. ఎదురుగా ఇన్సూరెన్సు కంపెనీ లాయరు ఫోను చేతిలో పట్టుకుని తాపీగా నవ్వుతున్నాడు.

బేబీ నోరున్న మనిషి. కాకినాడ హార్బరులో చేపలు కొని వీధివీధీ తిరిగి అమ్మేది. ఆమెతో బేరమాడి గెలిచిన ఇల్లాలు లేదు. అలాంటిది, నిరుడు లారీ గుద్దిన ఆటోలోంచి చెయ్యి విరిగి బయటపడింది. పక్కన కూర్చున్న తోటి చేపలమ్మి రత్నమాణిక్యం ఆమె ఒళ్లోనే ప్రాణం వదిలింది. చెయ్యి అతుక్కుంది గానీ బేబీ మళ్లీ ఆటో ఎక్కలేదు. హారను వినబడితే చాలు, గంప అక్కడే పడేసి ఏ గోడకో కరుచుకుపోయేది. బేరం మూలపడింది.

"మనసు పడ్డ బాధకి కూడా పరిహారం అడగొచ్చమ్మా," అన్నారు ఆమె లాయరు ఉదయభాస్కర్ గారు. విరిగిన చేతికి ఎక్స్‌రే ఉంది. భయానికి ఎక్స్‌రే ఎక్కణ్ణుంచి తెస్తుంది పాపం! డాక్టరు రాసిచ్చినా మొగుడు సత్తియ్యే నమ్మలేదు. "ఒళ్లొంగక నాటకాలాడతన్నావే," అని నలుగురిలో దెప్పేవాడు. ఆ మాట ఆమెను కాల్చుకుతినేది. ఇది నాటకం కాదని జడ్జిగారి నోట సత్తియ్య చెవిన పడితే చాలు, అందుకే కోర్టుకెక్కింది.

కంపెనీ లాయరు ఫోనులో వీడియో ఆడించాడు. బేబీ వాళ్ల ఊళ్లో జడుసుకున్నవాళ్లను అమ్మవారి ముందు కూర్చోబెట్టి, వేపమండలతో దిగదుడిచి, భయం పోయిందా అని అడుగుతారు. ఫోనులో బేబీ, "పోయింది తల్లీ, పోయింది!" అంటోంది. పెళ్లాం నాటకం కట్టయిందని సత్తియ్య మురిసిపోయి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్న వీడియోనే అది. అతని తెలివి తెల్లారినట్టే ఉంది!

"ఇది మీరేనా?"

"నేనేనండి."

"అమ్మవారి ముందు అబద్ధం చెప్పారా? ఇక్కడ చెబుతున్నారా?"

పోయిందంటే కేసు పోతుంది. పోలేదంటే అమ్మవారిని చిన్నబుచ్చినట్టు, ఊళ్లో తలెత్తుకోలేదు. వెనక బల్ల మీద సత్తియ్య బిగుసుకుపోయాడు.

"అమ్మోరి ముందే అబద్ధమాడేనండి," అంది చివరికి. "పోయిందనే దాకా లెగనివ్వరండి. పోలేదని అమ్మోరికి తెలుసండి. తెలీంది మా ఆయనకేనండి."

జడ్జిగారు తలెత్తారు. "మరి ఇవాళ ఎలా వచ్చారమ్మా?"

"తెల్లారగట్ట బయల్దేరి నడిసొచ్చేనండి. ఆయన ఆటోలో వొచ్చేరండి."

కేసు వాయిదా పడింది. తీర్పు ఎటొస్తుందో ఉదయభాస్కర్ గారు కూడా చెప్పలేకపోయారు.

గేటు బయట ఆటో ఆగింది. సత్తియ్య ఒక కాలు లోపల పెట్టి, ఏమనుకున్నాడో దిగిపోయాడు. "నువ్వెల్లిపో బాబూ," అని ఆటోను పంపేసి, పెళ్లాం చేతిలో సంచీ అందుకున్నాడు. ఇద్దరూ రోడ్డు వారన నడక సాగించారు.

కొంత దూరం వెళ్లాక వెనకనుంచి లారీ హారను మోగింది. బేబీ ఒక్క ఉదుటున గోడకు కరుచుకుపోయింది. సత్తియ్య ఈసారి దెప్పలేదు. ఆమెకూ రోడ్డుకూ మధ్య అడ్డంగా నిలబడి, లారీ కనుమరుగయ్యేదాకా కదల్లేదు. ఆ తర్వాత కూడా, పోయిందా అని అడగలేదు.