పద్దెనిమిది కిలోలకు ఎంత మందు

మా ఆయనది మందుల దుకాణం. అయిజలో ఈ మాట అంటే ఏ మందులని ఎవరూ అడగరు. జ్వరానికి గోలీ కావాలంటే మెడికల్ షాపుకు పోతారు. సాయంత్రమైతే మగవాళ్లు పోయే దుకాణం ఇంకొకటి ఉంది, అక్కడ దొరికేదీ మందే. మా దుకాణంలో అమ్మేది పత్తి మీద కొట్టే మందు. నేను ప్రభుత్వ బడిలో తెలుగు చెప్తాను. ప్రతి ఏడూ ఎనిమిదో తరగతిలో నానార్థాల పాఠం వచ్చినప్పుడు ‘మందు’ అని బోర్డు మీద రాసి, పిల్లల చేతనే మూడు అర్థాలూ చెప్పిస్తాను. మూడోది చెప్పి పిల్లలు నవ్వుతారు. నేను నవ్వను. ఇంత తెలిసినదాన్ని, పోయినేడు ఎండాకాలం ఆ ఒక్క పదంతోనే మా కుక్కను చంపినంత పని చేశాను.

కుక్క గురించి ముందు చెప్పాలి. అది జాతి కుక్క కాదు. ఉప్పునుంతలలో మా అక్కవాళ్ల పశువుల కొట్టంలో పుట్టింది. గోధుమ రంగు, ఒక చెవి నిలబడి ఉంటుంది, ఇంకొకటి వాలిపోయి ఉంటుంది. పేరు లేదు. పెడదామని రెండుసార్లు కూర్చున్నాం, రెండుసార్లూ ఆయనకూ నాకూ మాటామాటా పెరిగింది. ‘కుక్కా’ అంటే వస్తుంది, అంతకన్నా పేరుతో పనేముంది. మా అమ్మాయి ఇంటర్ చదువుకు మహబూబ్‌నగర్ హాస్టల్లో చేరిన నెలలోనే దీన్ని తెచ్చుకున్నాను. దొంగల భయమని అందరికీ చెప్పాను. అసలు సంగతి, ఇంట్లో నాతో మాట్లాడేవాళ్లు లేకపోవడం.

ఆయన మాట్లాడడని కాదు. దుకాణంలో పొద్దున్నుంచి రైతులతో మాట్లాడీ మాట్లాడీ, ఇంటికి వచ్చేసరికి మాటలు అయిపోతాయి. "కూరల ఉప్పు తక్కువైంది" అంటాడు. అది ఆ రోజుకు ఆఖరి మాట. కుక్క అట్లా కాదు. బడి నుంచి వచ్చి నేను గేటు తీస్తే చాలు, పదేళ్లు కనబడనట్టు మీద పడుతుంది. ఆ రోజు ఎవరి మీద కోపం వచ్చిందో, ఏ అధికారి ఏమన్నాడో అన్నీ దానికే చెప్పుకునేదాన్ని. అది పోతే ఆ ఇంట్లో నేను ఎట్లా ఉంటానో నాకు తెలియదు. ఇది కొంచెం సిగ్గుపడాల్సిన సంగతే, కానీ నిజం.

కాబట్టి దాన్ని జాగ్రత్తగా చూసుకున్నాను. వంటగది తలుపు వెనక ఒక కాగితం అంటించాను. ఎండాకాలం పొద్దున పది దాటితే తారురోడ్డు మీద నడిపించొద్దు, అనుమానముంటే నీ చెయ్యి వెనక్కి తిప్పి రోడ్డు మీద పెట్టి చూడు, నువ్వు ఓర్చుకోలేకపోతే అదీ ఓర్చుకోలేదు. నీళ్లు మట్టి చిప్పలో, నీడలో. ఉడికిన కోడి బొక్కలు వేయొద్దు, పేగుల్లో గుచ్చుకుంటాయి. ఉల్లిగడ్డ, చాక్లెట్ ముట్టనీయొద్దు. మెడపట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. పిచ్చికుక్క టీకా ఏటా వేయించాలి, అది ఇల్లు దాటకపోయినా సరే. ఇట్లా రాసుకుంటూ పోయి, అన్నిటికన్నా కింద ఇట్లా రాశాను: వారానికోసారి చెవుల వెనక, వేళ్ల సందుల్లో గోమార్లు ఉన్నాయేమో చూసి మందు కొట్టాలి. గోమారి అంటే కుక్కనో బర్రెనో పట్టుకుని రక్తం తాగి చిక్కుడు గింజంత ఉబ్బే పురుగు. ఏ మందో మాత్రం రాయలేదు. ఎందుకంటే అది నాకు తెలుసు.

ఆయన ఆ కాగితాన్ని నిలబడి పూర్తిగా చదివాడు.

"కుక్కకు గింత రాసినవ్ గదా, నాకు అన్నం ఏ యాల్లకు పెట్టాల్నో యాడ రాసినవ్?" అన్నాడు.

ఆయనా, కుక్కా ఒకరి జోలికి ఒకరు పోయేవాళ్లు కాదు.

ఏప్రిల్లో ఒక రోజు మాకు వనపర్తిలో శిక్షణ పెట్టారు. భాషను సందేహానికి తావులేకుండా బోధించడం ఎట్లా అనేది విషయం. తెల్లవారగానే బస్సెక్కాను. ముందు రోజు సాయంత్రం కుక్క చెవి వెనక నాలుగు గోమార్లు చూసి, చీకటి పడిందని ఊరుకున్నాను. ఆ సంగతి టీ తాగేటప్పుడు గుర్తొచ్చి ఫోన్ చేశాను. పశువుల డాక్టరు ఇచ్చిన స్ప్రే సీసా ఫ్రిజ్ మీద ఉంది. కళ్లున్నవాళ్లకు కనబడే చోటే పెట్టాను.

"దానికి గోమార్లైనయ్. జర మందు కొట్టు," అన్నాను.

"ఎంత?"

"ఎంతేంది? ఒళ్లంత తడిసేటట్ల కొట్టు."

"సరే."

ఈ ఫోన్ తర్వాత ఆయన ఏం చేశాడో ఆయన నోటా, పక్కింటి ఖాలా నోటా విని తెలుసుకున్నాను. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని. ఆమె బట్టలు కుట్టే పెద్దామె. మా గోడ అవతల జరిగేది ఆమెకు ఎంత తెలుసో, ఇవతల జరిగేదీ అంతే తెలుసు.

మధ్యాహ్నం పూట దుకాణం విడిచి ఆయన ఇంటికి రావడం అదే మొదటిసారి. వస్తూ తూకం కాంటా తెచ్చాడు. కుక్కను దాని మీద నిలబెట్టాడు. పద్దెనిమిది కిలోలు. తర్వాత అరుగు మీద కూర్చుని ఆలోచించాడు. గోమారి ఆకు తినదు, కాయ తొలవదు, పట్టుకుని పీలుస్తుంది. కాబట్టి అది రసం పీల్చే పురుగు. పచ్చదోమ, తెల్లదోమ, పేనుబంక ఏ కోవకు చెందుతాయో అదీ ఆ కోవకే చెందుతుంది. ఆ కోవకు ఏ మందో అయిజలో ఆయనకన్నా బాగా తెలిసినవాళ్లు లేరు. డబ్బా మీద ఎర్ర ముక్కోణం ఉంటే అన్నిటికన్నా పెద్ద విషమని గుర్తు, అది వద్దనుకున్నాడు, ఎంతైనా ఇంట్లో తిరిగే జీవి కదా అని. దానికి ఒక మెట్టు కిందిది, పసుపు ముక్కోణం ఉన్నది తీశాడు. ఎకరానికి ఎంత, ట్యాంకుకు ఎంత, దాంట్లో కుక్కకు ఎంత అని లెక్క వేశాడు. డబ్బా మీద రాసినట్టే నిండు చేతుల చొక్కా తొడుక్కుని, మూతికి రుమాలు కట్టుకుని, చేతులకు తొడుగులు వేసుకుని, గాలికి ఎదురు కాకుండా నిలబడ్డాడు. ఆకు అడుగుభాగం తడవకపోతే మందు పనిచేయదని రైతులకు రోజూ చెప్పే మనిషి, కుక్క పొట్ట కింద కూడా మరిచిపోకుండా కొట్టాడు.

కుక్క కదలకుండా నిలబడిందట. తోక కూడా ఊపిందట. ఆయన దానితో అరగంట గడపడం అంతకుముందు ఎప్పుడూ జరగలేదు మరి.

ఆయన దుకాణానికి పోయాడు. కుక్క నీడలో కూర్చుని ఒళ్లు నాక్కుంది. కుక్క నాక్కుంటుందని పత్తి మందుల డబ్బాల మీద ఎక్కడా రాసి ఉండదు. గోడ అవతల నుంచి చూసిన ఖాలా ఆయన్ను పిలిపించింది. రెండింటికి నాకు ఫోన్ వచ్చింది.

"నీ కుక్క సొల్లు కారుస్తున్నది. కాళ్లు వణుకుతున్నయ్. ఏమైందో తెల్వదు."

"ఏం కొట్టినవ్?"

"మందే."

"ఏ మందు?"

పేరు చెప్పాడు. ఆ పేరు మా మండలంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు, పంటల వల్ల కొంత, పంట పోయి ఆ డబ్బా మూత తీసినవాళ్ల వల్ల కొంత.

"సబ్బుతోని కడుగు. ఇప్పుడే కడుగు!"

"కడిగితే ఎట్ల? కొట్టినంక ఆరు గంటలు వాన పడొద్దు."

నేను శిక్షణ హాలు వరండాలో నిలబడి ఏమన్నానో ఇక్కడ రాయలేను. మూడు జిల్లాల తెలుగు ఉపాధ్యాయులు విన్నారు, వాళ్లకు అర్థం కాని పదం ఒక్కటీ లేదు. తర్వాత ఖాలాకు ఫోన్ చేశాను. చేతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకుని, ఒళ్లు రుద్దుకునే సబ్బుతో మూడుసార్లు కడగమన్నాను. నాక్కోకుండా మెడ పట్టుకోమన్నాను. నోట్లో ఏమీ పోయొద్దన్నాను.

"నేను చూస్కుంట టీచరమ్మా. నువ్వు పరేషాన్ గాకు, బస్సెక్కు," అన్నది.

ఈలోపు మా వీధి అంతా వచ్చింది. ఒకరు మజ్జిగ తాపమన్నారు, ఒకరు చింతపండు పులుసు అన్నారు, ఒకాయన నెయ్యి తెచ్చాడు. "జరగుండ్రి అందరు. ఏం తాపొద్దన్నది టీచరమ్మ," అని ఖాలా ఆ నెయ్యి మనిషిని గిన్నెతో సహా వెనక్కి పంపింది. మా ఊరి పశువుల డాక్టరు ఆ రోజు ఊళ్లల్లో గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాగించడానికి పోయి ఉన్నాడు. అదీ మందే. అందుకని మా ఆయనే కుక్కను దుప్పట్లో చుట్టుకుని ఆటోలో గద్వాల బయలుదేరాడు. ఆ డబ్బా కూడా వెంట తీసుకురమ్మని నాలుగుసార్లు చెప్పాను. ఏం కడుపులోకి పోయిందో తెలిస్తేనే డాక్టరు సరైన వైద్యం చేయగలడు.

నేను వనపర్తి నుంచి బస్సులో. పెబ్బేరు దాటేవరకూ ఆయన్ను తిట్టుకుంటూనే ఉన్నాను. కృష్ణ వంతెన మీదికి వచ్చేసరికి తిట్లు అయిపోయి, నేను ఫోన్‌లో అన్న మాట గుర్తొచ్చింది. ‘మందు కొట్టు’. పందొమ్మిదేళ్లుగా ఆ మనిషికి ఆ రెండు మాటలకు ఒకే అర్థం. అది తెలిసీ అన్నాను. స్ప్రే సీసా ఫ్రిజ్ మీద ఉందని చెప్పడానికి ఇంకో రెండు మాటలు పట్టేవి. టీ చల్లారిపోతుందని ఆ రెండు మాటలూ చెప్పలేదు. ఎర్రవల్లి చౌరస్తా దాకా ఏడ్చాను. పక్క సీటామె ఎవరు పోయారని అడిగింది. ఇంకా పోలేదన్నాను.

గద్వాల పశువుల దవాఖానలో కుక్క బల్ల మీద పడి ఉంది. ఒంట్లో కండలు వాటంతటవే అదురుతున్నాయి. కనుపాపలు నువ్వుగింజంత అయ్యాయి. సెలైన్ ఎక్కుతోంది, డాక్టరు కాసేపటికోసారి ఇంజెక్షన్ ఇచ్చి కళ్లు చూస్తున్నాడు. మా ఆయన గోడకు ఆనుకుని, డబ్బాను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

"ఏం డోసు కొట్టినవ్ సేటూ?" అని డాక్టరు అడిగాడు.

ఆయన మిల్లీలీటర్లతో సహా చెప్పాడు. ఎట్లా లెక్కగట్టావంటే అదీ చెప్పాడు, రసం పీల్చే పురుగు నుంచి మొదలుపెట్టి. డాక్టరు అంతా విన్నాడు.

"లెక్క మంచిగనే ఉంది. పురుగును గూడ మంచిగనే పట్టినవ్. పంటనే తప్పైంది," అన్నాడు.

డాక్టరు మళ్లీ కనుపాపలు చూసి అడిగాడు.

"గిది కొట్టుమని ఎవరు చెప్పిండ్రు నీకు?"

ఆయన నన్ను చూడలేదు. చూస్తాడని, వేలు పెట్టి చూపిస్తాడని నేను అప్పటికే జవాబు తయారు చేసుకుని ఉన్నాను. నేల వైపు చూస్తూ, "ఎవరు చెప్పలే సార్. నేనే కొట్టిన," అన్నాడు.

"నేనే చెప్పిన సార్," అన్నాను. "మందు కొట్టుమని చెప్పిన."

డాక్టరు మా ఇద్దరినీ చూశాడు. "కడిగిండ్రు, డబ్బా తెచ్చిండ్రు. ఆ రెండు పనులు చేసినందుకే జర ఆశుంది," అని మాత్రం అన్నాడు.

పొద్దు గూకే వేళకు అది తల ఎత్తింది. మొదట నన్ను చూసింది, తర్వాత ఆయన్ను చూసి తల పక్కకు తిప్పుకుంది. ఆటోలో నా ఒళ్లో పడుకుని వచ్చింది. ఆయన డ్రైవరు పక్కన కూర్చున్నాడు. ఆ తర్వాత రెండు రోజులు గద్వాల తీసుకుపోయాం, ఆయనే దుకాణం మూసి వచ్చాడు.

తలుపు వెనక కాగితం చింపి కొత్తది రాశాను. మందు అనే పదాన్ని మా ఇంట్లో తీసేశాను. కుక్కకు కొట్టేది స్ప్రే, మేం మింగేది గోలీ, దుకాణంలో ఉండేది విషం అని నిర్ణయించాను. "విషం అమ్ముత అంటే బోణీ గాదు," అన్నాడు ఆయన. కానీ ఇంట్లో ‘మందు’ అనడం మాత్రం మానేశాడు.

కుక్క బతికింది కానీ ఆయన దగ్గరికి పోలేదు. ఆయన బండి చప్పుడు వినబడితే మంచం కిందికి దూరేది. అది బండికి కాదు, చేతుల వాసనకు భయపడుతోందని ఖాలా చెప్పింది. ఆ వాసన సంగతి నాకు కొత్త కాదు. మా అమ్మాయి పాలు తాగే రోజుల నుంచీ చెప్తూనే ఉన్నాను, చేతులు కడుక్కుని బిడ్డను ఎత్తుకో, చొక్కా మార్చుకుని పక్కలోకి రా అని. "అది మందు వాసన గాదే, బతుకుదెరువు వాసన," అనేవాడు. పందొమ్మిదేళ్లు ఆ వాసన పక్కనే పడుకున్నాను.

అట్లాంటి మనిషి ఒక రోజు గేటు బయట నల్లా దగ్గర ఆగాడు. సబ్బు తీసుకుని మోచేతుల దాకా రుద్దుకున్నాడు. దుకాణం చొక్కా విప్పి బయట తీగె మీద ఆరేసి, వేరే చొక్కా తొడుక్కుని లోపలికి వచ్చాడు. కుక్క మంచం కింద నుంచి రాలేదు. మర్నాడూ అట్లాగే చేశాడు. అట్లా ఇరవై రోజుల దాకా చేశాడు. నేను ఏమీ అనలేదు. అంటే మానేస్తాడని భయం.

ఒక సాయంత్రం ఆయన కడుక్కుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కుక్క బయటికి వచ్చింది. దూరంగా నిలబడి చూసింది, ఇంకొంచెం దగ్గరికి వచ్చింది, ఆయన చేతిని వాసన చూసి అక్కడే కూర్చుంది. ఆయన చాలాసేపు చెయ్యి కదపలేదు. తర్వాత లేచి నా దగ్గరికి వచ్చి, ఆ చేతిని నా ముక్కు దగ్గర పెట్టాడు.

"చూడు. ఇంక ఏమన్న వాసనొస్తున్నదా?"

"జర వస్తున్నది," అన్నాను.

ఆయన మళ్లీ నల్లా దగ్గరికి పోయాడు. కుక్క కూడా లేచి ఆయన వెనకే పోయింది. నిజానికి సబ్బు వాసన తప్ప ఏమీ రాలేదు. నేను చెప్తే ఆయన చేతులు కడుక్కోవడం ఒక్కసారైనా చూడాలనిపించింది.