ఇద్దరు కూర్చుని చదివే ప్రోగ్రాము

ఆ బీమా ఆఫీసు రెండో అంతస్తులో, మెట్లకు ఆనుకుని ఉన్న గదిలో ఒక పద్ధతి ఉండేది. రాసిన ప్రోగ్రాము ఏదైనా పనిలోకి దిగే ముందు ఇద్దరు ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరు తెర చూస్తూ పైకి చదవాలి. రెండోవారు, ఏం మార్చమన్నారో రాసి ఉన్న కాగితం చేత్తో పట్టుకుని వినాలి. ఆ తర్వాతే సంతకాలు. పాత అచ్చాఫీసుల్లో ప్రూఫులు దిద్దేవాళ్ళూ ఇలాగే చేసేవారు. కన్ను దాటేసిన తప్పు చెవికి తగులుతుందని వాళ్ళ నమ్మకం. పైగా ఇక్కడ ప్రోగ్రాములు రాసే భాష కోబాల్ ఆయె. లెక్కలు తప్ప యంత్రాల సంగతి ఎరగనివాడు కూడా చదువుకోగలగాలని పుట్టించిన భాష. అందులో వాక్యాలుంటాయి, పేరాలుంటాయి, వాక్యం చివర చుక్క ఉంటుంది. పైకి చదివితే దస్తావేజు చదివినట్టే ఉంటుంది.

చదివేది మాస్టారు, వినేది అక్కయ్య. ఆ గదిలో అందరికీ పని నేర్పినవాడు గనక ఆయన మాస్టారు. జుట్టు సగం నెరిసి, ఆఫీసంతా అక్కయ్యా అని పిలుస్తున్నా, ఆయనకి మాత్రం ఆమె ఇంకా అమ్మాయే.

కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ కొత్త పనిముట్లు తెచ్చింది. తప్పు పదం కింద ఎర్రగీత గీసే ఎడిటరు, ఏ వరస ఎవరు మార్చారో గుర్తుపెట్టుకునే ఏర్పాటు, మీట నొక్కితే నమూనా పాలసీలన్నీ నడిపించి పచ్చదీపం చూపించే పరీక్షలు. పైకి చదివే పద్ధతి జోలికి మాత్రం పోలేదు. "యంత్రం మనం అడిగిందే చూస్తుంది మాస్టారూ. అడగడం మర్చిపోయింది మీరిద్దరూ పట్టుకోండి" అంది. ఆ మాటకి ఆయన చాలా రోజులు పొంగిపోయారు.

ఆ రోజు మార్పు చిన్నదే. గడువుకి ప్రీమియం కట్టకపోతే పాలసీ రద్దయ్యే పేరా ఒకటుంది. పాలసీదారు ఆసుపత్రిలో ఉంటే రద్దు చెయ్యకూడదని దానికి కొత్త షరతు చేర్చారు. పరీక్షల దీపం పచ్చగా వెలిగింది. మాస్టారు గొంతు సవరించుకుని అందుకున్నారు. రద్దు పేరా వచ్చింది, వెళ్ళిపోయింది. ఆసుపత్రి మాట వినబడలేదు.

అక్కయ్య తన చెవే కునికిందనుకుంది.

"ఆ పేరా ఇంకోసారి, మాస్టారూ."

"ఏం అమ్మాయ్, నిద్రా? ఇంకా భోజనం కూడా కాలేదే."

మళ్ళీ చదివారు. అదే విరుపు, అదే ఊపు. ఆసుపత్రి లేదు. ఆమె లేచి ఆయన వెనక్కి వెళ్ళి చూసింది. తెర మీద రద్దు పేరానే లేదు. పేజీ ఎప్పుడో జారిపోయి, చిరునామాలు అచ్చువేసే భాగం దగ్గర ఆగి ఉంది. ఆయన దానివంకే చూస్తూ, అక్కడ లేని పేరాని చుక్క పొల్లు పోకుండా అప్పజెబుతున్నారు.

మరీ ఎక్కువసార్లు చదివినవాడే చెయ్యగలిగిన తప్పు అది. కొత్తవాడైతే మొదటి వరసలోనే దొరికిపోయేవాడు.

ఆమె పేజీ వెనక్కి జరిపింది. కొత్త షరతు ఉంది, కానీ పాలసీ రద్దు చేసేశాక ఉంది. ముందు శిక్ష వేసి, తర్వాత విచారణ మొదలెట్టినట్టు. నమూనా పాలసీదారుల్లో ఆసుపత్రి పాలైనవాడు ఒక్కడూ లేడు, అందుకే దీపం పచ్చగా ఉంది.

"మాస్టారూ, తెర కనిపిస్తోందా?"

"వెలుతురు కనిపిస్తుంది. అక్షరాలు చీమల బారులా పాకుతుంటాయి."

ఈ మధ్య మాస్టారి భార్య, తను వదినా అని పిలిచే మనిషి, ఫోనులో, "మీ మాస్టారు పేపరు చదవడం మానేశారమ్మా, రోజూ ఒకే వార్తలంటున్నారు" అంటే తను నవ్వేసింది. వదిన ఏం చెప్పబోయిందో ఇప్పుడు తెలిసింది.

"మరి ఇన్నాళ్ళూ ఎలా చదివారు?"

"పాతవి నోటికొచ్చు. కొత్త వరసలు, ముందురోజే కాగితం ఇంటికి పట్టుకెళ్ళి మీ వదిన చేత చదివించుకుని వచ్చేవాణ్ణి. ఇవాళ్టి కాగితం పొద్దున్నేగా ఇచ్చారు."

"అంటే కాగితంలో ఉన్నది చదివారు. ప్రోగ్రాములో ఏముందో ఇద్దరమూ చూడలేదు."

"ఇది దిద్దించు. నేనింక ఈ ఉద్యోగంలో ఉండేది మాత్రం ఎన్నాళ్ళు? ఈ కాస్తా గుట్టుగా వెళ్ళిపోనీ అమ్మాయ్."

ఈ మనిషి చెయ్యి పట్టుకుని పని నేర్పకపోతే తనకు ఈ గది లేదు. కానీ ఇది దిద్దినంత సులువుగా, ఇదివరకు ఇలాగే చదివి పంపేసినవి దిద్దడం ఎలా? ఏ ఆసుపత్రి మంచం మీద, ఏ ఇంట్లో, ఎవరి పాలసీ ఇప్పటికే తెగిపోయిందో.

"మిగతా వాటి సంగతేంటి మాస్టారూ? వాటి మీద నా సంతకం కూడా ఉంది."

ఆయన కళ్ళజోడు తీసి, అలవాటు కొద్దీ తుడిచి, పెట్టుకున్నారు. "పద" అన్నారు.

ఆఫీసరమ్మకి ఆయనే చెప్పారు, అక్కయ్యని నోరెత్తనివ్వకుండా. ఆఫీసరమ్మ లేచి తలుపు మూసింది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేదనిపించింది అక్కయ్యకి. మాస్టారి సంతకం ఆ పూటతో ఆగిపోయింది. అది ఉన్నవన్నీ మళ్ళీ చదవాలని, ప్రతి షరతుకీ ఒక నమూనా పాలసీ తయారు చెయ్యాలని తేల్చారు.

మర్నాడు తెర ముందు అక్కయ్య కూర్చుంది, కాగితం ఆఫీసరమ్మ పట్టుకుంది. మాస్టారు గోడ వారన కూర్చున్నారు. ఆయన్ని రమ్మన్నవాళ్ళూ లేరు, వద్దన్నవాళ్ళూ లేరు. అక్కయ్యకి పైకి చదవడం కొత్త, తడబడుతూ సాగింది. ఒకచోట ఆయన ఆపారు.

"వరస దాటేశావు అమ్మాయ్. వారసుడి వయసు చూసేది."

ఆమె తెర మీద వేలు పెట్టి వెతికింది.

"అది లేదు మాస్టారూ. తీసేశారు."

"ఎవరు?"

"మీరే. ఇక్కడ మీ పేరే రాసుంది. చాన్నాళ్ళయింది."

ఆయన పెదాలు ఆ వరసని చప్పుడు లేకుండా ఒకసారి పలికాయి.

"సరే, చదువు" అన్నారు.