వీరేశన్న పేరుతో నేను చదివింది

ఏళ్ల తరబడి ఒక బరువు మోస్తున్నాను. ఎంత బరువంటే, ఆదోని కొండను ఎవరో నా మెడకు కట్టి, దాని మీద రెండు పత్తి లారీలు ఎక్కించినంత. చూశారా, మొదలుపెట్టగానే పెంచేశాను. నా బతుకే అంత. చీమ కుడితే ఆపరేషన్ కథ చెప్పి ఊరిని నవ్వించే మనిషిని. ఈ ఒక్క సంగతి మాత్రం ఉన్నది ఉన్నంతే చెప్పాలని కూర్చున్నాను. నవ్వించే ఓపిక కూడా ఇప్పుడు లేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

మాది ఎమ్మిగనూరు, నేత వీధి. మా నాన్న మగ్గం నేశాడు. నేను మగ్గం మానేసి రీఛార్జి, జెరాక్స్ అంగడి పెట్టుకున్నాను. ఫేస్‌బుక్ మా వైపు కొత్తగా వచ్చిన రోజుల్లో వీధి మొత్తానికి ఖాతాలు తెరిచి, అందరినీ ఒకరికొకరిని స్నేహితులుగా కలిపింది నేనే. ఎదురింటి వీరేశన్నకు కూడా. బళ్లారిలో ఉన్న మనవరాలి ఫోటోలు చూసుకోవాలని ఆయన కోరిక. ఆయనకు ఫోను వాడటం రాదు. అందుకని ఆ ఖాతా నా అంగడి కంప్యూటర్‌లోనే ఉండేది. మధ్యాహ్నం అన్నం తిన్నాక వచ్చి, నా పక్కన కూర్చుని, ఒక్కో ఫోటోను దేవుడి పటం చూసినట్టు చూసి వెళ్లేవాడు.

అప్పట్లో నా నడుము దగ్గర ఒక తెల్లమచ్చ వచ్చింది. రూపాయి బిళ్లంత. అద్దంలో మాత్రం తుంగభద్ర వరదంత కనిపించింది. గిల్లితే నొప్పి తెలియడం లేదనిపించింది. నిజంగా తెలియలేదా? గట్టిగా గిల్లే ధైర్యం లేదు, అంతే. చదివి తెలుసుకుందామని ఒక ఆరోగ్యం పేజీ తెరిచాను. ఫేస్‌బుక్ ఖాతాతో లోపలికి రమ్మంది. మీరు చదివినవన్నీ మీ స్నేహితులకు కనిపిస్తాయని కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఆ చిన్న అక్షరాలు నేను చదివాను. ఇక్కడ ఆగి మళ్లీ చెబుతున్నాను. చదివాను. నా పేరుతో అలాంటిది కనిపిస్తే? నా జోకులకు పడి పడి నవ్వే జనం ఏమనుకుంటారు? అంగడికి ఎవరొస్తారు? వీరేశన్న ఖాతా అప్పటికే తెరిచి ఉంది. ఆయన పేజీ ఎవరు చూస్తారులే అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా, లేక చూస్తే చూడనీ, నన్ను కాదుగా అనుకున్నానా? ఇన్నేళ్లుగా ఆ ప్రశ్నను అటూ ఇటూ తిప్పి చూసుకుంటూనే ఉన్నాను. రెండోదే అనుకున్నాను.

సాయంత్రానికి వీధిలో ఫోనున్న ప్రతివాడికీ అది కనిపించింది. వీరేశన్న నవ్వుముఖం ఫోటో, పక్కనే ఆయన చదివిన వ్యాసం పేరు: ‘కుష్టు తొలి లక్షణాలు’. అది మందులకు నయమవుతుందని, తాకినంత మాత్రాన అంటదని ఆ వ్యాసంలోనే ఉంది. వీధిలో అందరూ పేరు చదివారు. లోపల ఎవరూ చదవలేదు.

మీకు గంజి సంగతి చెప్పాలి. మగ్గానికి ఎక్కించే ముందు పడుగు దారాలను వీధి పొడవునా చాపి గంజి పట్టిస్తారు. ఒక ఇంటివాళ్ల వల్ల అయ్యే పని కాదు. ఇరుగుపొరుగు అందరూ రావాలి, అందరి చేతులూ ఒకే గంజి సట్టిలో మునగాలి, ఎండ ముదరకముందే ముగించాలి. ఈరోజు నీ పడుగు, రేపు నా పడుగు. ఆ వ్యాసం పేరు అందరికీ కనిపించిన మరునాడు మూలింటి ఈరమ్మ వాళ్ల పడుగు. వీరేశన్న ఎప్పటిలాగే అందరికంటే ముందొచ్చి సట్టి దగ్గర కూర్చున్నాడు. ఈరమ్మ ఆయన ముఖం చూడకుండా అంది, “నువ్వు ఈపొద్దు ఉండన్నా. పిల్లోళ్లుండే ఇల్లు.”

ఆయన లేచి తిన్నగా నా అంగడికి వచ్చాడు.

“ఏమప్పా, నేనేందో సదివినానంట. నా మనవరాలి పేరే కూడబలుక్కోని సదివేటోణ్ణి. ఏం సదివినాను నేను?”

“ఏమో అన్నా. ఎవుడో నీ ఖాతాలో దూరినట్టుండాడు.”

“యాడుంటాడు వాడు?”

“యాడన్నా ఉండొచ్చు. హైదరాబాద్‌లో ఉండొచ్చు, అమెరికాలో ఉండొచ్చు.”

“అమెరికావోనికి నాతో ఏం పనప్పా?” అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేశాడు. “రేపు నా పడుగుండాది. నువ్వు సదువుకున్నోనివి, నీ మాటింటారు. వీరేశు సదవలేదని ఒక్క మాట సెప్పు వాళ్లకు.”

“సెప్తాలే, నువ్వు పో అన్నా.”

చెప్పలేదు. చెబితే మరి ఎవరు చదివారని అడుగుతారు. పొద్దున వీరేశన్న, ఆయన భార్య, ఇద్దరే పడుగు చాపారు. నేను తలుపు సందులోంచి చూశాను. ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తుతూనే ఉన్నారు. ఎండ వచ్చేసింది. గంజి ఆరిపోయి దారాలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఇద్దరూ ఆ పడుగు పక్కనే కింద కూలబడ్డారు. పోయి ఒక చెయ్యి వేసి ఉండొచ్చు కదా? వేయలేదు.

తర్వాత ఆదోని పోయి, ముఖానికి టవలు చుట్టుకుని, చర్మం డాక్టరుకు చూపించుకున్నాను. ఆయన కుర్చీలోంచి లేవనైనా లేదు. “సిబ్బెం అప్పా. సెమటకొచ్చేది” అని పూత మందు రాసిచ్చాడు. బస్సు దిగి వీధి మధ్యలో నిలబడి నిజం అరవాల్సినవాణ్ణి, ఏం చేశానో తెలుసా? మనం చదివేది పదిమందికీ కనిపించకుండా ఎలా దాచుకోవాలో నేర్పుతూ ఫేస్‌బుక్‌లో ఒక హాస్యం రాశాను. “మా వీధిలో ఒకాయన...” అని మొదలుపెట్టి. పేరు పెట్టలేదు. పెట్టే అవసరమూ లేదు. నా జన్మలో ఏ రాతకూ అంత నవ్వు రాలేదు. ఆ తర్వాత అన్ని ఖాతాల్లోనూ ఆ చూపించే ఏర్పాటు ఆపేశాను. ముందు నా ఖాతాలో.

వీరేశన్న మగ్గం విప్పేశాడు. ఆదోనిలో ఒక పత్తి మిల్లుకు కాపలా పనికి పోయాడు. మొన్న పని మీద వెళ్లినప్పుడు మిల్లు గేటు దగ్గర కనిపించాడు. ఈసారి చెప్పేద్దామని ఆగాను. “బాగుండావా అప్పా” అని చెయ్యి చాపబోయి, తనే వెనక్కి తీసుకున్నాడు. టీ తెప్పించాడు. నాకు హోటలు గ్లాసులో. తనకు మాత్రం సంచిలోంచి సొంత గ్లాసు తీసి అందులో పోయించుకున్నాడు. ఆదోనిలో ఆయన సంగతి ఎవరికీ తెలియదు. గ్లాసు వేరే పెట్టుకోమని ఎవరూ అనలేదు. అలవాటైపోయిందట.

టీ తాగి వచ్చేశాను.

ఇది ఆయన చూడడని నాకు తెలుసు. తెలిసే రాస్తున్నానేమో, అదీ ఒప్పుకుంటున్నాను. క్షమించమని అడగడానికి మీరు వీరేశన్న కాదు. ఆ వ్యాసం చదివింది నేను. మచ్చ నాది. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. అంతవరకే.