రూత్‌కు తక్కువైన ఏడు ఇంజెక్షన్లు

1994 జూలై 11, సోమవారం, ఉదయం తొమ్మిదిన్నర. నాచారంలోని ఒక ప్రైవేటు నర్సింగ్ స్కూల్లో నేను ట్యూటర్‌ని. కరస్పాండెంట్ గారు పిలిచి, రూత్ అనే విద్యార్థిని ప్రొసీజర్ బుక్ నా ముందు పెట్టారు. ఏ పని ఎన్నిసార్లు చేసిందో మేము కళ్లారా చూసి సంతకం చేసే పుస్తకం అది. కండకు ఇచ్చే ఇంజెక్షన్లు ఇరవై ఉండాలి, పదమూడే ఉన్నాయి. కామెర్లు వచ్చి ఆ పిల్ల ఐదు వారాలు వార్డుకు రాలేదు. పరీక్ష ఫారాలకు బుధవారం ఆఖరు. ఉప్పల్ ఆసుపత్రిలో మా పిల్లల వంతు మళ్లీ వచ్చేది పై వారమే.

“ఏడు సంతకాలే గద మేడం. ఫీజు కట్టినోళ్లు మన కస్టమర్లు. ఉత్త చేతుల్తోని పంపుతమా?”

“చూడనిదానికి సంతకం పెట్టను.”

“మీ సంతకానికి ముహూర్తం గిట్ల సూడాల్నా?”

నన్ను మెత్తబరచడానికి ఆయన రూత్ తండ్రి దానయ్యను పిలిపించారు. కార్ఖానాలో గేజీ పెట్టి బోల్టుల కొలత చూడటం దానయ్య పని. మర్నాడు డ్యూటీ బట్టలతోనే వచ్చి, అంతా విని, కూతురి వైపు తిరిగాడు.

“నిజం జెప్పు బిడ్డా. రేపు నాకే సూది ఏయమంటె ఏస్తవా?”

రూత్ తల వంచుకుంది. “జాగ మీద ఇంకా అనుమానమే నాయినా. మేడం పక్కనుంటెనే ధైర్యం.”

జాగా అంటే పిరుదులో పైన, బయటివైపు ఉండే పావుభాగం. కొంచెం లోపలికి జరిగితే నరానికి తగిలి కాలు పడిపోవచ్చు.

“గేజీల పట్టని బోల్టు పక్కకేస్తం సార్,” అన్నాడు దానయ్య. “గిరాకీ మొహం జూసి గేజీ మారుతదా?”

“ఈ పరీక్ష తప్పితే ఆర్నెల్లు పోతయి మరి,” అన్నారు కరస్పాండెంట్ గారు.

“పోనియ్యుండ్రి.” నా వైపు చూశాడు. “సంతకం వద్దమ్మా. నేర్పుండ్రి.”

పై వారం ఉప్పల్‌లో రూత్ పక్కన నిలబడ్డాను. సూది పట్టుకుని వేలితో నాలుగు భాగాలు గీసుకుంటూ ప్రతిసారీ నా మొహం చూసేది. మొదటి రోజు మంచం మీది ముసలమ్మ, “ఎంతసేపు సూస్తవు బిడ్డా, నా నడుము మీద ఏమన్న పారేసుకున్నవా?” అంది. వార్డంతా నవ్వింది, రూత్ కూడా. ఏడోసారి ఆమె నా మొహం చూడలేదు. తేదీ, సమయం వేసి సంతకం పెట్టాను.

ఫీజు కట్టేది విద్యార్థే అయినా, నేర్చుకునేది మంచం మీది మనిషి కోసం. నాకు ఆ సంగతి అంత సూటిగా చెప్పినవాడు దానయ్య ఒక్కడే.

రూత్‌కు ఆరు నెలలు పోయాయి. తనతో చేరిన పదకొండుమంది ముందు వెళ్లిపోయారు. దానయ్యకు ఒక పూట హాజరు పోయింది. ఆగస్టు 31న నా ఉద్యోగం పోయింది.