గేట్ నంబర్ టూ, తలారి

2004 జూన్‌లో దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో దిగాను. పొద్దున పదకొండు గంటలు. నలభై ఆరు డిగ్రీలు. పదిహేడేళ్లు ఫౌజులో రాజస్థాన్ ఇసుక మింగినవాణ్ని, అయినా పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. ఇచ్చిన సామాను: టోపీ, విజిల్, వాకీటాకీ, రిజిస్టరు. పోస్టు ఒక గోదాం గేటు, నంబర్ టూ. డ్యూటీ ఆరు నుంచి ఆరు. ఆర్డరు ఒక్కటే: పాసు లేని బండికి అడ్డకర్ర లేవకూడదు.

ఫౌజులో నేను టి. గంగారాంని. ఆ ‘టి’ ఏమిటని అడిగితే మాట మార్చేవాణ్ని. ఇక్కడ పాస్‌పోర్టు నా గుట్టు బయటపెట్టింది. తొలిరోజే వాకీటాకీలో మా ముదీర్ గొంతు (ఇక్కడ మేనేజరును అలాగే అంటారు): "గేట్ టూ, తలారి, ఓవర్."

కంట్రోల్ రూమ్‌లో ఉన్న సిరిసిల్ల ఆపరేటర్ పగలబడి నవ్వాడు. "అన్నా, ఉరి దీసేటోనివా? నీ గేటు కాడికి రావాల్నంటే మెడ తడుముకోవాలె!"

చిన్నప్పుడు బళ్లోనూ ఇదే పాట. అందుకే నవంబరులో మా బిడ్డ పదో తరగతి ఫారం నింపేటప్పుడు ఇంటిపేరు తీసేయమన్నాను. మెమోలో పడ్డ పేరు జన్మంతా వదలదు. శనివారం ఫారం ఇచ్చేయాలి.

గురువారం ముదీర్ తనిఖీకి వచ్చాడు. స్కాట్లండ్ మనిషి, ఆయనా మాజీ సైనికుడే. ఎర్రటి ముఖం. "నీ పేరు పిలిస్తే కంట్రోల్ రూమ్ ఎందుకు నవ్వుతుంది?" అని నిలదీశాడు. వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. జనం ఉరితీసేవాడు అనుకుంటారు సార్, అసలు తలారి అంటే ఊరి కాపలావాడు. మా తాతల పని అదే. దాన్నుంచి పారిపోయి ఫౌజులో చేరాను, తిరిగి తిరిగి గేటుకే వచ్చాను.

ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. అప్పుడు చొక్కా మీది పేరుబిళ్ల చూపించాడు. డర్వర్డ్.

"అంటే తలుపు కాపలావాడు. మా పెద్దలు స్కాట్లండ్ రాజు తలుపు కాశారు. ఆ కొలువే ఇంటిపేరైంది. అరుదైన పేరు. నా పటాలం మొత్తంలో నేనొక్కణ్నే."

"మీది రాజుగారి తలుపు సార్. మాది ఊరు."

"రాజింట్లో ఎందరుంటారు, ఊళ్లో ఎందరుంటారు? నీదే పెద్ద తలుపు."

సంతోషంతో నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆరింటికి డ్యూటీ దిగి ఫోన్ బూత్‌కి పరుగెత్తాను.

"పేరు తియ్యకుండ్రి. తలారి అని నిండుగ రాయుండ్రి."

"నిన్నటిదాంక తియ్యమంటివి గద! ఎండ గిట్ల కొట్టిందా?" అంది మా ఆవిడ.

బిడ్డ ఫోన్ అందుకుంది. "బాపూ, బళ్లె నవ్వుతరు."

"నవ్వనియ్ బిడ్డా. మనసొంటోల్లు స్కాట్లండ్ రాజు కాడ గూడ ఉన్నరని చెప్పు."

"నిజంగనా? అయితే పెద్దక్షరాలల్ల రాస్త!"

2006 జూన్‌లో నా కాంట్రాక్టు ఖలాస్. బిడ్డ మెమో నకలు జేబులో పెట్టుకుని ఎయిర్‌పోర్టు వ్యాన్ ఎక్కాను. గేటు దగ్గర ముదీర్ కొత్త గార్డును పక్కకు జరగమని, తానే వచ్చి అడ్డకర్ర పట్టుకున్నాడు.

"తలారీ, పాసు ఉందా?"

"లేదు సార్."

"నీకు అక్కర్లేదు. యల్లా, పద!"

ఇప్పుడు ఎక్కడ ఏ గేటు లేచినా నాకు ఆయనే కనిపిస్తాడు. ఎర్రటి ఎండలో, ఎడమచేత్తో కర్ర ఎత్తిపట్టి, కుడిచేత్తో నాకు సెల్యూట్ కొడుతూ.